ఏ సైజు ఫోను కొనాలి? అట్టపెట్టె మీద కనిపించని లెక్కలు

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ సెల్‌ఫోన్ల అంగడికి వెళ్ళినా ముందుగా వినిపించేవి మూడు ప్రశ్నలే. బడ్జెట్ ఎంత, ఎన్ని జీబీ, కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు? సైజు గురించి అడిగితే "పెద్ద స్క్రీనే అన్నా, 6.7" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. మెమరీ చాలకపోతే పాత వీడియోలు తీసేసుకోవచ్చు, ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చు. సైజు మాత్రం కొన్న రోజు ఎంత ఉందో చివరిదాకా అంతే. ఎంత బ్యాటరీ పెట్టగలరు, లోపలి వేడి ఎలా బయటికి పోతుంది, ఏ కెమెరా ఇముడుతుంది అనేవి కూడా చాలావరకు సైజును బట్టే తేలతాయి. అందుకే ముందు సైజు సంగతి చూద్దాం. ర్యామూ, మెగాపిక్సెళ్ళూ తర్వాత.

అసలు చిక్కు అంగుళాల దగ్గరే మొదలవుతుంది. 6.7 అంగుళాలు అంటే స్క్రీన్ వెడల్పూ కాదు, పొడవూ కాదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిచిన గీత అది. స్క్రీన్ ఆకారం మారకుండా ఉంటే ఈ కొలత సరిపోయేది. పదేళ్ళ కిందటి ఫోన్లలో పొడవు వెడల్పుల నిష్పత్తి 16:9. ఇప్పుడు ఎక్కువ ఫోన్లలో 19.5:9, లేదా 20:9. అంటే స్క్రీన్ పొడుగ్గా సాగిందే కానీ అంతగా వెడల్పవలేదు. లెక్క కట్టి చూస్తే, 16:9లో ఉండే 5.5 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 68.5 మిల్లీమీటర్లు. 20:9లో ఉండే 6.5 అంగుళాల స్క్రీన్ వెడల్పు దాదాపు 67.8. పేరుకు ఒక అంగుళం పెరిగింది, వెడల్పు మాత్రం కొంచెం తగ్గింది.

ఫోను మొత్తం సైజు తీసుకుంటే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2017లో వచ్చిన ఐఫోన్ 8 ప్లస్‌ది 5.5 అంగుళాల స్క్రీన్. దాని పొడవు 158.4 మిల్లీమీటర్లు, వెడల్పు 78.1, బరువు 202 గ్రాములు. 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్24 ప్లస్‌ది 6.7 అంగుళాల స్క్రీన్. దాని పొడవు 158.5, వెడల్పు 75.9, బరువు 196 గ్రాములు. చేతిలో రెండూ దాదాపు ఒకటే, కొత్తదాని వెడల్పు కాస్త తక్కువ కూడా. పాత ఫోనులో పైనా కిందా వెడల్పాటి అంచులుండేవి, ఇప్పుడు ఆ జాగా అంతా స్క్రీన్ అయింది. "నాది 5.5 ఫోను, 6.7 అంటే చేతిలో పట్టదేమో" అని భయపడేవాళ్ళు, "అంగుళం పెరిగితే బొమ్మ అంత పెద్దగా కనపడుతుంది" అని సంబరపడేవాళ్ళు ఇద్దరూ ఈ గీత చూసే పొరబడుతున్నారు.

బొమ్మ సంగతి కూడా లెక్క వేయొచ్చు. క్రికెట్, సీరియళ్ళు, యూట్యూబ్ వీడియోల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ 16:9లోనే ఉంటాయి. 20:9 స్క్రీన్ మీద వాటిని అడ్డంగా తిప్పి చూస్తే అటూ ఇటూ నల్లటి పట్టీలు మిగిలిపోతాయి. 6.7 అంగుళాల ఫోనులో ఆ బొమ్మ మూల నుంచి మూలకు దాదాపు 5.6 అంగుళాలే వస్తుంది. సినిమాస్కోప్ సినిమా అయితే పట్టీలు పైనా కిందా వస్తాయి, బొమ్మ ఫోను పొడవంతా పరుచుకుంటుంది. మ్యాచ్‌లు చూడడానికే పెద్ద ఫోను కొనేవాళ్ళు ఈ తేడా గమనించాలి. 6.4కీ 6.7కీ మధ్య బొమ్మలో వచ్చే తేడా పావు అంగుళం మాత్రమే.

మరి ఏ అంకె చూడాలి? నేనైతే ఫోను వెడల్పు, బరువు చూడమంటాను. కంపెనీ వెబ్‌సైట్లో స్పెసిఫికేషన్ల చివర్న, ఎవరూ కిందికి జరిపి చూడని చోట ఈ రెండూ ఉంటాయి. వెడల్పు 72 మిల్లీమీటర్ల లోపైతే చాలామందికి ఒంటి చేత్తో వాడుకోవడం వీలవుతుంది. 75 దాటితే రెండో చెయ్యి కావాల్సిందే. బరువు 170 గ్రాముల దగ్గరుంటే జేబులో ఉన్నట్టే అనిపించదు. 200 దాటితే పడుకుని చూస్తున్నప్పుడు చిటికెన వేలికి తెలిసిపోతుంది. గెలాక్సీ ఎస్24లో ఎస్24, ప్లస్, అల్ట్రా అని మూడు సైజులొచ్చాయి కదా, వాటి బరువులు వరసగా 167, 196, 232 గ్రాములు. చిన్నదానికీ పెద్దదానికీ మధ్య 65 గ్రాముల తేడా. పైగా మనవాళ్ళు ఫోను కొన్న క్షణంలోనే టెంపర్డ్ గ్లాసు, పౌచ్ వేయించేస్తారు. వాటితో వెడల్పూ బరువూ ఇంకొంచెం పెరుగుతాయి. అంగడిలో పట్టుకుని చూసేది వట్టి ఫోను, ఇంట్లో వాడేది తొడుగు వేసిన ఫోను. అందుకని డెమో ఫోనుకు ఒక పౌచ్ తొడిగించుకునే పట్టి చూడండి. ఎవరూ కాదనరు.

పట్టి చూడడం అంటే అటూ ఇటూ తిప్పి మెరుపు చూడడం కాదు. కుడిచేత్తో మామూలుగా పట్టుకోండి. పట్టు మార్చకుండా బొటనవేలు ఎదురుగా ఉన్న పై మూలకు ఎంతవరకు పోతుందో చూడండి. నోటిఫికేషన్లు కిందికి లాగండి. తెలుగులో ఒక వాక్యం టైపు చేయండి. తర్వాత మీరు రోజూ పెట్టుకునే జేబులో పెట్టుకుని ఒకసారి వంగండి.

ఈ వంగడం దగ్గర కొంచెం ఆగి చెప్పాలి. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళలో చాలామంది ఫోను పెట్టుకునేది చొక్కా జేబులోనే. లుంగీ కట్టుకుంటే వేరే జేబు లేదు కదా. మేత ఎంత తిన్నాయో చూడడానికి చెక్ ట్రే తాడు పట్టి పైకి లాగాలి. అప్పుడు నడుము బాగా వంగుతుంది. 163 మిల్లీమీటర్ల పొడవుండే ఫోను చొక్కా జేబులో పూర్తిగా దిగదు. పైన మూడు నాలుగు సెంటీమీటర్లు బయటికే ఉంటుంది. వంగిన మనిషి జేబులోంచి అది ముందుకు తూగి చెరువులో పడడానికి అర నిమిషం పట్టదు. అదే 147 మిల్లీమీటర్ల ఫోనయితే జేబులో కుదురుగా కూర్చుంటుంది. పట్నంలో టేబుల్ ముందు కూర్చుని చేసే పనిలో ఈ తేడా బయటపడదు. చెరువు గట్టు మీద, నాటు వేసే మడిలో, కరెంటు స్తంభం ఎక్కే పనిలో ఫోను పొడవే ఫీచరు.

బైకు మీద తిరిగేవాళ్ళకు మరో సంగతి. డెలివరీ కుర్రాళ్ళు, ఫీల్డ్ ఉద్యోగులు ఫోనును హ్యాండిల్‌కు బిగించి మ్యాపు చూస్తుంటారు. ఫొటో కదలకుండా చేసే ఓఐఎస్ ఉన్న కెమెరాలో లెన్సు సన్నని ఏర్పాటు మీద ఊగుతూ ఉంటుంది. ఎక్కువ పవరున్న బైకు ఇంజిన్ల అదురు చాలాకాలం తగిలితే ఈ కెమెరాలు చెడిపోవచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే తన వినియోగదారులకు చెప్పింది. రోజంతా హ్యాండిల్ మీదే ఉండే ఫోను అయితే అదురు పీల్చుకునే మౌంటు కొనడమో, ఆ పనికి ఓ పాత ఫోను పెట్టడమో మేలు.

ఇక పెద్ద ఫోనుతో ఏం కలిసొస్తుంది? అందరూ చెప్పేది బ్యాటరీ. నిజమే, కానీ అంకెల్లో కనపడేంత కాదు. ఎస్24లో 4000 ఎంఏహెచ్, ఎస్24 ప్లస్‌లో 4900. దాదాపు 22 శాతం ఎక్కువ. అయితే స్క్రీన్ విస్తీర్ణం కూడా దాదాపు 17 శాతం పెరిగింది, ఆ స్క్రీన్‌ను వెలిగించేది కూడా ఆ బ్యాటరీయే. గంటల తరబడి వీడియోలు చూసేవాళ్ళకు పెరిగిన బ్యాటరీలో చాలా భాగం పెరిగిన స్క్రీనే తినేస్తుంది. స్క్రీన్ ఆపి వాడే పనులు ఎక్కువున్నవాళ్ళకు, అంటే కాల్స్, హాట్‌స్పాట్, పాటలు, మ్యాపు మాటలు వింటూ తిరిగేవాళ్ళకు మాత్రం ఆ 22 శాతం దాదాపు పూర్తిగా దక్కుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే ఫోను కొని, ఒకరు "రెండు రోజులొస్తుంది" అనీ ఇంకొకరు "సాయంత్రానికే అయిపోతుంది" అనీ అనడం వెనక ఇదో కారణం. సిగ్నల్ అందని చోట టవరును వెతుకుతూ ఫోను మరింత కరెంటు తాగడం ఇంకో కారణం.

"చిన్న ఫోనంటే చిన్న బ్యాటరీ" అన్న సూత్రానికి కూడా ఈమధ్య గండి పడింది. లిథియం బ్యాటరీలో ఒకవైపు ఉండే గ్రాఫైట్‌లో కొంత సిలికాన్ కలపడం మొదలైంది. అంతే బరువున్న గ్రాఫైట్‌తో పోలిస్తే సిలికాన్ దాదాపు పది రెట్లు లిథియంను పట్టి ఉంచగలదు. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు విపరీతంగా ఉబ్బడం దాని సమస్య. అందుకే కార్బన్‌తో కలిపి, కొద్ది పాళ్ళలోనే వాడుతున్నారు. ఫలితం కళ్ళముందే ఉంది. 2025లో మన దేశంలోకి వచ్చిన వన్‌ప్లస్ 13ఎస్ స్క్రీన్ 6.32 అంగుళాలు, బరువు 185 గ్రాములు, బ్యాటరీ 5850 ఎంఏహెచ్. అదే ఏడాది వచ్చిన వివో ఎక్స్200 ఎఫ్ఈ 6.31 అంగుళాల్లోనే 6500 ఎంఏహెచ్ పట్టించింది. ఏడాది ముందు వచ్చిన ఎస్24 అల్ట్రా 6.8 అంగుళాల పెద్ద ఫోను, దాని బ్యాటరీ 5000. కాబట్టి బ్యాటరీ కోసమే పెద్ద ఫోను కొనాలి అనుకునేవాళ్ళు ఇప్పుడు ఆ మాట మీదే నిలబడక్కర్లేదు.

రెండోది వేడి. దీన్ని మన జిల్లాలో తేలిగ్గా తీసుకోకూడదు. బయటి వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఐఫోన్ వాడమని ఆపిల్ చెబుతుంది. రోహిణి కార్తెలో మన దగ్గర ఎండ 40 దాటడం మామూలే. ఎండలో నిలబడి వీడియో కాల్ చేస్తే ఫోను తనంతట తానే వెలుతురు తగ్గించుకుంటుంది, ప్రాసెసర్ నెమ్మదిస్తుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. ఫోను పాడైందని కంగారు పడనక్కర్లేదు, అది తనను తాను కాపాడుకోవడం. పెద్ద ఫోనులో వేడి పరుచుకోవడానికి చోటెక్కువ, వేడిని చెదరగొట్టే పలక కూడా పెద్దది పెట్టొచ్చు. అందుకే ఒకే ప్రాసెసర్ ఉన్నా, ఎక్కువసేపు గేములాడితే చిన్న ఫోను ముందుగా వేడెక్కుతుంది. గేములు, గంటల కొద్దీ వీడియో తీయడం మీ పనైతే పెద్ద ఫోనే సరైనది. ఇందులో నాకు అనుమానం లేదు.

మూడోది కెమెరా. దూరపు దృశ్యాన్ని దగ్గరగా తెచ్చే జూమ్ లెన్సుకు లోపల జాగా కావాలి. 2023లో ఐఫోన్ 15 ప్రోలో జూమ్ 3 రెట్లే, పెద్దదైన ప్రో మ్యాక్స్‌లో 5 రెట్లు. మరుసటి ఏడాది 16 ప్రో వచ్చేసరికి చిన్నదానిలోనూ 5 రెట్లు పెట్టేశారు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. ఒకే పేరుతో రెండు సైజులొచ్చినప్పుడు తేడా సైజు వరకేనా, ఇంకేమైనా ఉందా?

ఇది ఏ ఫోనుకు ఆ ఫోను చూసి తెలుసుకోవాల్సిన సంగతి. ఐఫోన్ 16, 16 ప్లస్ మధ్య తేడా సైజూ బ్యాటరీ మాత్రమే. ప్రాసెసర్, కెమెరాలు ఒకటే. కాబట్టి అక్కడ మీ చెయ్యీ మీ కళ్ళూ ఏది చెబితే అదే తీసుకోవచ్చు. గూగుల్ పిక్సెల్ 9 ప్రో 6.3 అంగుళాలు, 9 ప్రో ఎక్స్ఎల్ 6.8 అంగుళాలు. రెండింటిలోనూ ఒకే కెమెరాలు. చిన్న ఫోను ఇష్టపడేవాళ్ళకు ఇంతకంటే న్యాయమైన పంపకం ఉండదు. గెలాక్సీ ఎస్24 దగ్గరికొస్తే కథ వేరు. ప్లస్‌లో స్క్రీన్ రిజల్యూషన్ ఎక్కువ, ర్యామ్ 8కి బదులు 12 జీబీ, ఛార్జింగ్ 25 వాట్లకు బదులు 45. ప్రకటనలో అన్నీ ఒకే కుటుంబంలా కనపడతాయి, కానీ చిన్నవాడికి వడ్డించేటప్పుడు గరిటె కొంచెం వెనక్కి తీశారు. వెనక కెమెరాల్లో మాత్రం ఎస్24కీ ప్లస్‌కీ తేడా లేదు, ఆ మెరుగుదల కావాలంటే అల్ట్రా దాకా వెళ్ళాలి. రెండు సైజుల్లో ఒకటి ఎంచుకునేటప్పుడు రెండింటి స్పెసిఫికేషన్లూ పక్కపక్కన పెట్టుకుని, తేడా ఉన్న వరసలు మాత్రమే చదవండి. పావుగంటలో తేలిపోతుంది.

మరీ చిన్న ఫోన్ల సంగతి విచారమే. ఐఫోన్ 12 మినీ, 13 మినీ 5.4 అంగుళాల్లో వచ్చాయి. 12 మినీ వెడల్పు 64.2 మిల్లీమీటర్లే. 2022లో ఆపిల్ ఆ వరసను ఆపేసి, ఆ చోట 6.7 అంగుళాల ప్లస్ పెట్టింది. ఇప్పుడు 6.1 నుంచి 6.3 వరకు ఉన్నవాటినే చిన్నవి అంటున్నారు, అవీ ఎక్కువగా ఖరీదైన ఫోన్లలోనే. 15 వేల లోపు వెతికితే దాదాపు అన్నీ 6.5 పైనే. చిన్న చేతులున్న ఆడవాళ్ళు, ఇంటర్ చదివే పిల్లలు ఎక్కువగా కొనేది ఈ ధరలోనే. వాళ్ళ చేతికి సరిపోయేది తయారు చేయకపోవడం కంపెనీల తప్పే అంటాను. ఈ బడ్జెట్లో కొనేవాళ్ళు కనీసం ఉన్నవాటిలో బరువు తక్కువది చూసుకోండి. 190 గ్రాములదీ ఉంటుంది, 220 దాటినదీ ఉంటుంది. ఇంటికెళ్ళాక సెట్టింగ్స్‌లో ఒంటి చేతి మోడ్ ఆన్ చేసుకుంటే పైనున్న బటన్లు బొటనవేలికి అందేలా స్క్రీన్ కిందికి దిగుతుంది.

కళ్ళ లెక్క చేతుల లెక్కకు అడ్డం తిరుగుతుంది. యాభై దాటి చత్వారం వచ్చినవాళ్ళకు అక్షరాలు పెద్దవి కావాలి. 6.1 అంగుళాల ఫోనులో అక్షరం సైజు బాగా పెంచితే వాట్సాప్‌లో వరసకు రెండు మూడు మాటలే పడతాయి, నాలుగు వరసల మెసేజీకి స్క్రీన్ నిండిపోతుంది. అమ్మానాన్నలకు కొనేటప్పుడు పెద్దదే తీసుకోండి. కానీ అక్కడ ఇంకో అంకె చూడాలి, అది రిజల్యూషన్.

చవక ఫోన్లలో హెచ్‌డీ ప్లస్ స్క్రీన్ ఉంటుంది. అంటే వెడల్పులో 720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ ప్లస్ అయితే 1080. 6.7 అంగుళాల స్క్రీన్ మీద మొదటిదానిలో అంగుళానికి దాదాపు 262 చుక్కలు, రెండోదానిలో దాదాపు 393. ఇంగ్లీషు చదివేవాళ్ళకు ఈ తేడా అంతగా తెలియదు. మన లిపికి తెలుస్తుంది. "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" లాంటి మాటల్లో పైన గుడో తలకట్టో, మధ్యలో హల్లు, కింద వొత్తు, దాని పక్కన ఇంకో వొత్తు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరానికి ఇచ్చే ఎత్తులోనే ఇన్ని ఇమడాలి. చుక్కలు తక్కువైతే వొత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోయి అక్షరం అలికినట్టు కనపడుతుంది. పాత ఫోను కళ్ళద్దాలు లేకుండా చదివేదాన్ని, కొత్త పెద్ద ఫోను చదవలేకపోతున్నాను అని పెద్దవాళ్ళు అంటే కళ్ళను అనుమానించే ముందు స్క్రీన్ రిజల్యూషన్ చూడండి. స్క్రీన్ పెరిగి చుక్కలు పెరగకపోతే అవే చుక్కలు ఎడంగా పరుచుకుంటాయి అంతే. అంగడిలో డెమో ఫోను తీసుకుని ఏదైనా తెలుగు వార్తల సైటు తెరిచి, ఒక పేరా చదివి చూస్తే పరీక్ష అయిపోయినట్టే. వీలైతే ఎవరి కోసం కొంటున్నామో వాళ్ళనే తీసుకెళ్ళి చదివించాలి. సెట్టింగ్స్‌లో అక్షరం సైజు వేరు, డిస్‌ప్లే సైజు వేరు అన్నది కూడా గుర్తుపెట్టుకోండి. మొదటిది అక్షరాలనే పెంచుతుంది, రెండోది బటన్లు, గుర్తులతో సహా అన్నిటినీ.

స్క్రీన్ వెలుతురును నిట్స్‌లో చెబుతారు. ప్రకటనల్లో కనపడే వేల నిట్స్ అంకె సాధారణంగా పీక్ వెలుతురు. అంటే కొన్ని రకాల వీడియోల్లో స్క్రీన్‌లోని చిన్న భాగం మాత్రమే అంత వెలుగుతుంది. ఎండలో మెసేజీ చదవడానికి పనికొచ్చేది స్క్రీన్ మొత్తం ఎంత వెలుగుతుందన్న అంకె, దాన్ని హెచ్‌బీఎం అని రాస్తారు. మామూలు చవక ఎల్‌సీడీ స్క్రీన్ కంటే మంచి అమోలెడ్ ఎండలో చాలా నయం. మధ్యాహ్నం పూట అంగడి గుమ్మం దాటి రోడ్డు మీద నిలబడి చూస్తే ఏ అంకెలతోనూ పనిలేదు.

నీటి సంగతికొస్తే, ఐపీ54 అంటే చినుకులకు, చెమటకు ఓర్చుకుంటుంది. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట. ఐపీ68 అంతకు మించి, ఎంత లోతో ఎంతసేపో కంపెనీ చెబుతుంది. ఈ పరీక్షలన్నీ మంచినీళ్ళలో చేసేవి. రొయ్యల చెరువు నీళ్ళు, మైపాడు బీచ్ నీళ్ళు ఉప్పువి. ఛార్జింగ్ పిన్ను దగ్గర ఉప్పు పేరుకుంటే తుప్పు పడుతుంది. ఐపీ67 లేదా 68 ఉన్న ఫోను ఉప్పునీళ్ళలో పడితే వెంటనే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరేవరకు ఛార్జింగ్ పెట్టకూడదు. ఐపీ68 ఉన్నా నీళ్ళు పోయి చెడిపోతే వారంటీ సాధారణంగా వర్తించదు. మడత ఫోన్ల మీద మోజున్నవాళ్ళకు ఒక్క మాట. 2024 నాటి గెలాక్సీ జెడ్ ఫ్లిప్6కి ఐపీ48 ఉంది. ఐపీ తర్వాతి మొదటి అంకె దుమ్ము సంగతి, రెండోది నీళ్ళ సంగతి చెబుతాయి. ఇక్కడి 4 అంటే ఒక మిల్లీమీటరు కంటే పెద్ద రేణువులనే ఆపగలదని అర్థం. చీమకుర్తి గ్రానైట్ కోత దుమ్ము దానికంటే ఎంతో సన్నం. ఆ పనిలో ఉన్నవాళ్ళకు మడత ఫోను వద్దు.

5జీ అని రాసి ఉంటే చాలదు, ఏ బ్యాండ్లు, అంటే ఏ సిగ్నల్ తరంగాలు అందుకుంటుందో చూడాలి. 2022 ఆగస్టులో ముగిసిన 5జీ తరంగాల వేలంలో 700 మెగాహెర్ట్జ్ తరంగాలను జియో ఒక్కటే కొన్నది. ఫోను స్పెసిఫికేషన్లలో దాన్ని ఎన్28 అంటారు. తక్కువ పౌనఃపున్యం కాబట్టి దూరం పోతుంది, గోడల్లోంచి దూరుతుంది. పట్నాల్లో వేగం ఇచ్చే ఎన్78 అంత దూరం పోదు. ఉదయగిరి, సీతారామపురం వైపు వెలిగొండల అంచున ఉండేవాళ్ళకు ఎన్28 ఉండడం ముఖ్యం. జియో 5జీ నడిచేది 4జీ మీద ఆధారపడని స్టాండలోన్ (ఎస్ఏ) పద్ధతిలో కాబట్టి ఫోనుకు ఆ సదుపాయం కూడా ఉండాలి. మన దేశంలో ఇప్పుడు అమ్మే కొత్త 5జీ ఫోన్లలో ఈ ఇబ్బంది పెద్దగా రాదు. బంధువులు బయటి దేశాల నుంచి తెచ్చే ఫోన్లలో, పాత ఫోన్లలో చూసుకోవాలి. అమెరికాలో అమ్మే ఐఫోన్లలో 14 నుంచి సిమ్ పెట్టుకునే ట్రే లేదు, కార్డు లేకుండా ఫోనులోనే ఉండే ఈసిమ్ మాత్రమే. అమెరికా నుంచి మనవడు తెచ్చిచ్చిన ఫోనులో తాతయ్య సిమ్ పట్టక టెన్షన్ పడే బదులు, కొనకముందే ఫోన్ చేసి చెప్పడం మంచిది.

ర్యామ్, కెమెరా అంకెల గురించి క్లుప్తంగా. "8+8 జీబీ" అని ఉంటే అసలు ర్యామ్ ఎనిమిదే, రెండో ఎనిమిది స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, ర్యామ్ కంటే చాలా నెమ్మది. దానికంటే స్టోరేజీ రకం చూడండి. ఈఎంఎంసీ అనే నెమ్మది రకం ఉన్న ఫోను రెండేళ్ళు తిరిగేసరికి యాప్ తెరవడానికే విసిగిస్తుంది, యూఎఫ్ఎస్ అనే వేగమైన రకం ఉన్నది కావాలి. 108 మెగాపిక్సెళ్ళ కెమెరా మామూలుగా తొమ్మిదేసి చుక్కలను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ళ ఫొటోయే ఇస్తుంది. సెన్సరు సైజు, ఓఐఎస్ ఉందా లేదా అన్నవే పెళ్ళి ఫొటోల్లోనూ రొట్టెల పండుగ రాత్రి ఫొటోల్లోనూ తేడా తెస్తాయి. వెనకున్న 2 మెగాపిక్సెళ్ళ మ్యాక్రో, డెప్త్ కెమెరాలను లెక్కలోకి తీసుకోకండి.

చిన్న ఫోను కావాలి, 60 వేలు పెట్టలేం అనేవాళ్ళకు నేను చూపే దారి, ఒకటి రెండేళ్ళ కిందటి ఖరీదైన చిన్న ఫోను సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవడం. అప్పుడు అప్‌డేట్లు ఎన్నాళ్ళు వస్తాయన్నది ముఖ్యం. అవి ఆగిపోయిన ఫోనులో బ్యాంకు యాప్‌లు పెట్టుకోవడం ప్రమాదం. ఎస్24కి ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తామని శాంసంగ్ చెప్పింది, అంటే 2031 వరకు. పిక్సెల్ 8 నుంచి గూగుల్‌ది కూడా ఏడేళ్ళ మాటే. బ్యాటరీ పాతబడి ఉంటుంది కాబట్టి అధీకృత సర్వీస్ సెంటర్లో మార్పించడానికయ్యే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

సెకండ్‌హ్యాండ్ ఫోను చేతిలోకి రాగానే డయల్ ప్యాడ్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. బిల్లు మీద ఉన్నదీ ఇదీ ఒకటేనా చూడండి. తర్వాత మెసేజీలో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి ఆ నంబరు కొట్టి 14422కి పంపండి. టెలికాం శాఖ నుంచి జవాబు వస్తుంది. అందులో బ్లాక్‌లిస్టులో ఉందనో, ఈ నంబరు ఇంకో ఫోనులోనూ ఉందనో వస్తే, ఎంత చవకగా ఇస్తామన్నా ఆ ఫోను అక్కడే పెట్టేసి వచ్చేయండి.